హాస్టల్ నుంచి తీసుకుపోయిన కొడుకు కోసం

మన గోడపత్రికలో జీవిత చరిత్ర రాసే వంతు ఈ నెల నాకు వచ్చింది. కొమురం భీం గురించి, అల్లూరి గురించి, అంబేద్కర్ గారి గురించి, సావిత్రీబాయి ఫూలే గారి గురించి సీనియర్లు బాగానే రాసేశారు. ఇంకెవరు మిగిలారా అని లైబ్రరీ బీరువా ముందు నిలబడి ఆలోచిస్తుంటే, మా సోషల్ సారు కేరళలో పనిచేసిన ఒక హిందీ మాస్టారి గురించి చెప్పారు. హిందీ అనగానే తొమ్మిదో తరగతి వాళ్లు పక్క చార్టుకు పోవద్దు. ఇందులో లింగాలూ లేవు, వచనాలూ లేవు. మనలాగే హాస్టల్లో ఉండి చదువుకునే ఒక పిల్లవాడూ, అతన్ని వెతుక్కున్న నాయనా ఉన్నారు.

ఆ మాస్టారి పేరు టి.వి. ఈచ్చర వారియర్. 1921లో పుట్టారు. కోళికోడు పట్టణంలోని ప్రభుత్వ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో హిందీ ప్రొఫెసరుగా పనిచేశారు. భార్య రాధ. ఇద్దరు ఆడపిల్లలు, ఒక్కడే కొడుకు. ఆ కొడుకు పేరు రాజన్. యాభై నాలుగేళ్ల వయసు వచ్చేదాకా వారియర్ గారి జీవితంలో మనం చెప్పుకునేంత పెద్ద సంగతి ఏమీ లేదనే చెప్పాలి. పాఠం చెప్పుకోవడం, ఇల్లు చూసుకోవడం, జీతంలో మిగిల్చి పిల్లల్ని చదివించుకోవడం. హక్కుల కోసం కొట్లాడాలని ఆయన బయలుదేరలేదు. ఆ పని ఆయన ఇంటికే వచ్చింది.

రాజన్ కోళికోడుకు కొంచెం దూరంలో చాత్తమంగళం అనే ఊళ్లో ఉన్న రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. మన వరంగల్లులో ఆర్ఇసి అనేవారు చూడండి, అట్లాంటిదే అక్కడ కూడా ఒకటి. ఇప్పుడు రెండింటినీ ఎన్ఐటి అంటున్నారు. రాజన్ బాగా పాడతాడు. ఇంకో ఏడాది అయితే ఇంజనీరు. ఇంటికి ఆసరా.

అది ఎమర్జెన్సీ కాలం. 1975 జూన్ 25న దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు. పేపర్లలో ఏది పడితే అది రాయడానికి లేదు, మీటింగులు లేవు, ఎవర్ని పట్టుకుపోయినా ఎందుకని అడగడానికి లేదు. మన దగ్గర కూడా ఆ ఏడాది జులై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులను పోలీసులు కాల్చి చంపారు. వాళ్లలో సూరపనేని జనార్దన్ వరంగల్లు ఆర్ఇసి విద్యార్థే. ఆ సంగతి వేరే చార్టు అవుతుంది, ఇంకోసారి రాస్తాను.

కేరళలో 1976 ఫిబ్రవరి 28న కాయన్న అనే ఊరి పోలీసు స్టేషను మీద నక్సలైట్లు దాడి చేశారు. ఆ దాడి చేసినవాళ్ల కోసం పోలీసులు కనబడినవాళ్లనల్లా పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్లను పెట్టడానికి కక్కయం అనే కొండ ప్రాంతంలో, డ్యాం దగ్గర, కరెంటు బోర్డు వాళ్ల షెడ్లలో ఒక క్యాంపు తెరిచారు. అది స్టేషను కాదు. జైలు అంతకన్నా కాదు. క్రైం బ్రాంచి డి.ఐ.జి. జయరాం పడిక్కల్ దానికి పెద్ద.

మార్చి 1 తెల్లవారుజాము. రాజన్, అతని స్నేహితులు యూనివర్సిటీ కళల పోటీలకు పోయి కాలేజీ బస్సులో అప్పుడే తిరిగొచ్చారు. మనం స్పోర్ట్స్ మీట్ నుంచి రాత్రి లారీలో వచ్చి దిగినప్పుడు ఎట్లా ఉంటుందో మనకు తెలుసు గదా, ఒకడు చెప్పులు వెతుక్కుంటాడు, ఒకడు అట్లాగే పడి నిద్రపోతాడు. ఆ సమయంలో పోలీసులు వచ్చి రాజన్‌ను పట్టుకున్నారు. ఇంకో విద్యార్థిని కూడా అదే పొద్దున పట్టుకుపోయారు. తోటి పిల్లలు చూస్తూనే ఉన్నారు.

క్యాంపులో ఏం జరిగిందో రాయాలా వద్దా అని నేను చాలాసేపు ఆలోచించాను. చిన్న తరగతుల తమ్ముళ్లు కూడా ఈ గోడ దగ్గర నిలబడి చదువుతారు. కానీ రాయకపోతే ఆ నాయన ఎందుకు ముప్పై ఏళ్లు ఊరుకోలేదో అర్థం కాదు. కాబట్టి తక్కువలో రాస్తాను. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ కట్టి, నోట్లో గుడ్డ కుక్కి, మన ఇళ్లల్లో వడ్లు దంచే రోకలి లాంటి బరువైన కర్రను తొడల మీద పెట్టి ఇద్దరు చెరోపక్కా నొక్కి పట్టి దొర్లిస్తారు. మలయాళంలో దానికి ఉరుట్టల్ అని పేరు, అంటే దొర్లించడం. లోపల కండ చితికిపోతుంది. స్టేషను మీద దాడిలో పోయిన తుపాకీ ఎక్కడుందో చెప్పమని రాజన్‌ను అట్లా చేశారు. మర్నాడు, మార్చి 2న, రాజన్ చనిపోయాడు. శవాన్ని తల్లిదండ్రులకు ఇవ్వలేదు. మాయం చేశారు.

ఇదంతా మనకు ఇప్పుడు తెలుసు. వారియర్ గారికి తెలియదు. ఇక్కణ్ణుంచి ఈ కథను మీరు ఆయన లాగా, ఏమీ తెలియకుండా చదవాలి.

ఆయనకు తెలిసింది ఒక్కటే ముక్క. ఆ కాలేజీ ప్రిన్సిపాలు ప్రొఫెసర్ బహావుద్దీన్ గారు అదే మార్చి 1వ తేదీతో రిజిస్టరు పోస్టులో ఒక ఉత్తరం పంపారు. మీ అబ్బాయిని ఈ రోజు పోలీసులు తీసుకుపోయారు అని అందులో సంగతి. వార్డెన్ సార్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఈ మాట కొంచెం సాగదీసి రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. అది ఎమర్జెన్సీ. పోలీసులు చేసిన పనిని కాగితం మీద పెట్టడానికి పెద్ద పెద్దవాళ్లే భయపడ్డ రోజులు. ఆ ప్రిన్సిపాలు గారు తెలియనట్టు ఊరుకొని ఉంటే ఎవరూ అడిగేవాళ్లు కారు. రిజిస్టర్లో గైర్హాజరు అని వేస్తే సరిపోయేది. ఆయన ఉత్తరం రాశారు, తేదీ వేశారు, అది కూడా మామూలు పోస్టులో కాకుండా రసీదు ఉండే పోస్టులో వేశారు. ఏడాది తర్వాత హైకోర్టులో ఆ ఉత్తరం ఎంత పని చేసిందో ముందు చెబుతాను.

ఉత్తరం సంగతి తెలిసి వారియర్ గారు తిరగడం మొదలుపెట్టారు. కాలేజీకి పోయారు, పోలీసు ఆఫీసులకు పోయారు. కక్కయం క్యాంపు దాకా పోతే కాపలావాళ్లు లోపలికి పోనివ్వలేదు. మార్చి 10న తిరువనంతపురంలో హోం మంత్రి కె. కరుణాకరన్ గారిని కలిశారు. ముఖ్యమంత్రి అచ్యుత మీనన్ గారిని కూడా కలిశారు. ఆయన, అది హోం మంత్రి చూసే వ్యవహారం, తన చేతుల్లో ఏమీ లేదన్నట్టు మాట్లాడారు. వారియర్ గారు హోం సెక్రెటరీకి రాశారు, ఢిల్లీకి రాశారు, రాష్ట్రపతికి రాశారు, కేరళ ఎంపీలందరికీ అర్జీ కాపీలు పంపారు. మన ఊళ్లల్లో కూడా ఎవరినైనా జీపులో ఎక్కించుకుపోతే ముసలివాళ్లు సర్పంచి దగ్గరికి, అక్కణ్ణుంచి మండలాఫీసుకు, అక్కణ్ణుంచి ఐటీడీఏకు కాళ్లరిగేలా తిరుగుతారు. అయితే వారియర్ గారు చదువుకున్నాయన, ఇంగ్లీషులో అర్జీ రాయగలిగినాయన, మంత్రుల ముందు కుర్చీలో కూర్చోగలిగినాయన. ఆయనకే జవాబు రాలేదు. ఈ మాట చదివినప్పుడు నాకు మా తాతలు గుర్తొచ్చారు.

ఒక్క సంవత్సరం అట్లా గడిచింది. పిల్లవాడు బతికే ఉన్నాడనీ, ఏదో జైల్లో పెట్టి ఉంటారనీ ఆయన ఆశ.

మీరు అడగొచ్చు, కోర్టుకు ఎందుకు పోలేదు అని. నేనూ సారును అదే అడిగాను. కోర్టు తలుపు కూడా మూసే ఉంది. మనిషిని అన్యాయంగా పట్టుకుపోతే, ఆ మనిషిని తెచ్చి మా ముందు నిలబెట్టండి అని ప్రభుత్వాన్ని ఆజ్ఞాపించే అధికారం హైకోర్టుకు ఉంది. దాన్ని హెబియస్ కార్పస్ అంటారు. కానీ 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం ఈ పిటిషను వేసుకునే వీలు లేదని తీర్పు ఇచ్చింది. అయిదుగురు జడ్జీల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా గారు ఒక్కరే ఒప్పుకోలేదు. ఆ తీర్పు తప్పు అని సుప్రీంకోర్టే మళ్లీ 2017లో చెప్పింది. నలభై ఒక్క ఏళ్లు పట్టింది.

1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. నాలుగు రోజుల్లో, అంటే మార్చి 25న, వారియర్ గారు కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేశారు. విచిత్రం ఏమిటంటే సరిగ్గా అదే రోజు కరుణాకరన్ గారు కేరళ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. పిటిషనులో ఆయన కూడా ప్రతివాది. ఒకపక్క ముఖ్యమంత్రి, పోలీసు పెద్దలు. ఇంకోపక్క హిందీ మాస్టారు.

ముఖ్యమంత్రి గారూ పోలీసు అధికారులూ ప్రమాణం చేసి కోర్టుకు ఇచ్చిన జవాబు ఏమిటంటే, రాజన్ అనే విద్యార్థిని మేము అసలు పట్టుకోనే లేదు. ఇది చదివి నాకు చాలా కోపం వచ్చింది. కొట్టలేదు అనలేదు. చంపలేదు అనలేదు. అసలు తీసుకురానే లేదు అన్నారు. మనిషిని అసలు తీసుకురాకపోతే కొట్టడం ఎక్కడిది, చావడం ఎక్కడిది? ఒక్క అబద్ధంతో అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

అందుకని ఆ కేసులో తేలవలసింది చాలా చిన్న ప్రశ్న. ఆ పొద్దున హాస్టల్ దగ్గర పోలీసులు రాజన్‌ను పట్టుకున్నారా లేదా?

దానికి జవాబు ఎవరి దగ్గర ఉంది? పెద్దవాళ్ల దగ్గర లేదు. హాస్టల్ వాళ్ల దగ్గర ఉంది. ప్రిన్సిపాలు గారు కోర్టుకు వచ్చి జరిగింది చెప్పారు. ఆయన రాసిన ఉత్తరం ముందు పెట్టారు. పట్టుకుపోతుంటే చూసిన విద్యార్థులు వచ్చి చెప్పారు. ఆ క్యాంపులోనే ఉండి దెబ్బలు తిని బయటపడినవాళ్లు వచ్చి, రాజన్‌ను అక్కడ చూశామని చెప్పారు. వాళ్లను ఒక్కసారి తలుచుకోండి. ఎమర్జెన్సీ పోయి నెల కూడా కాలేదు. పోలీసులు అదే పోలీసులు. హోం మంత్రి కాస్తా ముఖ్యమంత్రి అయి కూర్చున్నాడు. అట్లాంటప్పుడు ఇరవై ఏళ్ల పిల్లలు బోనెక్కి, మేము చూశాం అన్నారు. వారియర్ గారి జీవితం రాయమంటే ఈ పిల్లల గురించి ఎక్కువ రాస్తున్నానని మా గోడపత్రిక సంపాదకుడు ఇప్పటికే గొణుగుతున్నాడు. కానీ వాళ్లు లేకపోతే వారియర్ గారి దగ్గర కన్నీళ్లు తప్ప ఏమీ ఉండేవి కావు.

జస్టిస్ సుబ్రమణియన్ పోట్టి, జస్టిస్ ఖాలిద్ ఈ కేసు విన్నారు. ఏప్రిల్ 13న తీర్పు. అంటే పిటిషను వేసిన పంతొమ్మిదో రోజు. మన దగ్గర భూమి కేసులు ఎన్నేళ్లు నడుస్తాయో తెలిసినవాళ్లు ఈ లెక్క నమ్మరు. పోలీసుల మాట కాదు, విద్యార్థుల మాటే నిజమని కోర్టు తేల్చింది. రాజన్‌ను పట్టుకున్నది నిజం, కాబట్టి ఏప్రిల్ 21న అతన్ని కోర్టు ముందు నిలబెట్టండి అని ఆజ్ఞ ఇచ్చింది.

నిలబెట్టడానికి పిల్లవాడు ఉంటే గదా. అప్పుడు ప్రభుత్వం ఒప్పుకోక తప్పలేదు. 1976 మార్చి 2న కక్కయం క్యాంపులో పోలీసుల చిత్రహింస వల్ల రాజన్ చనిపోయాడని కోర్టుకు చెప్పింది. ఏడాదికి పైగా వెతుకుతున్న నాయనకు కొడుకు చావు సంగతి అట్లా, కోర్టు కాగితంలో తెలిసింది.

తప్పుడు ప్రమాణం చేసినందుకు కేసు పెట్టమని హైకోర్టు అన్నది. 1977 ఏప్రిల్ 25న కరుణాకరన్ గారు రాజీనామా చేశారు. ముఖ్యమంత్రిగా ఉన్నది సరిగ్గా ఒక్క నెల.

ఇక్కడ ఆపేస్తే కథ బాగుండేది. మన తెలుగువాచకంలో పాఠాలు అట్లాగే ఆగిపోతాయి. కానీ తర్వాత జరిగింది కూడా రాయాలి. పోలీసు అధికారుల మీద కేసు కేరళలో కాకుండా కోయంబత్తూరు కోర్టులో నడిచింది. కింది కోర్టులో శిక్ష పడ్డవాళ్లు పై కోర్టులో బయటపడ్డారు. జయరాం పడిక్కల్ తర్వాతి కాలంలో ఏకంగా కేరళ డి.జి.పి. అయ్యారు. కరుణాకరన్ గారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, ఒకసారి కాదు. రాజన్ శవాన్ని ఏం చేశారని వారియర్ గారు బతికున్నంతకాలం అడుగుతూనే ఉన్నారు. ఎముక ముక్క కూడా ఆయనకు దొరకలేదు.

మన టెన్త్ వాళ్లలో ఎస్సై కావాలని రోజూ పొద్దున రన్నింగ్ చేసేవాళ్లు ముగ్గురున్నారు. వాళ్లను ఉడికించడానికి ఇది రాయలేదు. మంచి ఎస్సైలు కూడా ఉంటారు, మా మండలంలో ఒకాయన వరదల్లో మెడలోతు నీళ్లల్లో దిగి ముసలివాళ్లను మోసుకొచ్చాడు. వాళ్లు ముగ్గురూ ఈ సంగతి కూడా చదివి పోవాలి. అరెస్టు చేసిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని మన రాజ్యాంగంలో 22వ అధికరణం చెబుతుంది. 1996 డిసెంబరు 18న డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇంకా వివరంగా చెప్పింది. పట్టుకునే పోలీసు పేరు కనబడే బ్యాడ్జీ పెట్టుకోవాలి, అరెస్టు చేసినట్టు కాగితం రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్లకో స్నేహితులకో కబురు చేయాలి, డాక్టరు చూడాలి. రాజన్‌కు వీటిలో ఒక్కటీ జరగలేదు. అతనికి జరిగిన కబురు అల్లా ప్రిన్సిపాలు గారి ఉత్తరమే.

రాజన్ తల్లి రాధ గారి గురించి రాయకుండా ఉండలేను. కొడుకు చనిపోయాడన్న మాట ఆమెకు చెప్పలేదు. ఆమెకు మనసు స్థిమితం తప్పింది. రాజన్ ఎప్పుడొస్తాడని అడుగుతూ ఉండేది. వారియర్ గారు ఊళ్లు తిరిగి ఇంటికొస్తే ఆయన వెనకాల కొడుకు వస్తున్నాడేమో అని చూసేది. ఆయన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేవారు. కోర్టులో నిజం చెప్పించిన మనిషి, ఇంట్లో మాత్రం ఇరవై ఏళ్లకు పైగా నిజం చెప్పలేకపోయారు. నేను దాన్ని తప్పు అనను. 2000 సంవత్సరంలో ఆమె చనిపోయింది. పోయేముందు ఒక చిన్న పొట్లం భర్త చేతిలో పెట్టింది. అందులో చిల్లర డబ్బులు. రాజన్ కనబడితే ఇమ్మని. ఎవర్నీ నమ్మక ఆయనకే అప్పగించింది.

మా అమ్మ కూడా సెలవులు అయిపోయి హాస్టలుకు బయలుదేరేటప్పుడు చిల్లర పైట కొంగులో నుంచి తీసి ఇస్తుంది. బస్సు కిరాయి కాకుండా. ఇక దీని గురించి ఎక్కువ రాయను.

వారియర్ గారు కూతుళ్ల పెళ్లిళ్లు చేశారు, రిటైరయ్యారు, ముసలివారయ్యారు. కానీ ఎక్కడైనా పోలీసు కస్టడీలో మనిషి చనిపోయాడంటే ఆయన మాట్లాడేవారు, పిలిచిన మీటింగుకల్లా పోయేవారు. ఎనభై దాటాక తన అనుభవాలు మలయాళంలో పుస్తకంగా రాశారు. దాని పేరుకు తెలుగులో ఒక తండ్రి జ్ఞాపకాలు అని అర్థం. ఆ పుస్తకానికి కేరళ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, ఇంగ్లీషులోకి కూడా పోయింది. అంతకు చాలా ముందే, 1988లో, షాజీ ఎన్. కరుణ్ అనే దర్శకుడు ఈ సంగతినే మనసులో పెట్టుకొని పిరవి అనే సినిమా తీశారు. అందులో ఒక ముసలాయన కొడుకు దిగుతాడని రోజూ బస్సు కోసం ఎదురుచూస్తుంటాడు. సినిమా దేశంలోనూ బయటా బహుమతులు తెచ్చుకుంది.

రాజన్ చదివిన కాలేజీలో ప్రతి ఏడూ రాగం అనే పేరుతో పాటలు, ఆటల పండగ జరుపుతారు. అది రాజన్ పేరు మీద జరిపేది. అక్కడ పాడే పిల్లలు రాజన్ పోయిన చాలా ఏళ్లకు పుట్టినవాళ్లు.

ఈచ్చర వారియర్ గారు 2006లో కన్నుమూశారు. కొడుకును ఎక్కడ పెట్టారో చెప్పడానికి అప్పటికీ ఎవరూ రాలేదు.